పింగ్: పిలుపూ ప్రతిధ్వనీ

పదాలకు వంశవృక్షాలు కట్టడం భాషావేత్తల ప్రధాన వ్యాసంగాలలో ఒకటి. అయితే ప్రతి భాషలోనూ కులగోత్రాలు చెప్పుకోని పదాలు కొన్ని ఉంటాయి. చెవి విన్నదానిని నోరు అనుకరించగా పుట్టినవి అవి. ఇంగ్లీషులోని ‘పింగ్’ ఆ జాతికి చెందినది. దానికి ధాతువు లేదు, ప్రత్యయం లేదు. గట్టి వస్తువుకు లోహం తగిలినప్పుడు వినవచ్చే పొట్టి, సన్నని మోతే దాని జన్మస్థానం. పండితులు పెద్దగా పట్టించుకోని ఈ చిన్న మాట యుద్ధభూమినుంచి ఆటబల్లమీదికి, అక్కడినుంచి సముద్రగర్భంలోకి, చివరకు కార్యాలయాల్లోకి చేరింది. నేడు హైదరాబాదులోనూ బెంగళూరులోనూ తెలుగు ఉద్యోగులు “మధ్యాహ్నం ఒకసారి పింగ్ చేయండి” అని చెప్పుకోవడం సర్వసాధారణం.

పంతొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషులో ఇది ప్రధానంగా తుపాకిగుండు చేసే మోత. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో బల్లమీది బంతాటకు ‘పింగ్‌పాంగ్’ అన్న పేరు స్థిరపడింది. ఒకరు కొట్టిన బంతికి అవతలివారు బదులిచ్చే ఆట అది. పేరులోనే పిలుపూ జవాబూ రెండూ ఉన్నాయి. 1971 ఏప్రిల్‌లో అమెరికా క్రీడాకారుల బృందం చైనాలో పర్యటించడం, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ అక్కడికి వెళ్లడం జరిగాక ‘పింగ్‌పాంగ్ దౌత్యం’ అన్న మాట రాజనీతి పరిభాషలో చేరింది.

నౌకాదళాలు ఈ పదానికి మరింత లోతైన అర్థం కల్పించాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జలాంతర్గాముల జాడ తెలుసుకోవడానికి ఓడలు నీటిలోకి ధ్వనితరంగాలను పంపేవి. ఆ మోతను నావికులు ‘పింగ్’ అన్నారు. సముద్రజలంలో శబ్దవేగం సెకనుకు దాదాపు 1500 మీటర్లు. పంపిన ధ్వని రెండు సెకన్లకు తిరిగివస్తే, అడ్డు తగిలిన వస్తువు సుమారు 1500 మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. ఇక్కడ పంపిన ధ్వనికి తనంతట తాను విలువ లేదు. తిరిగివచ్చిన ప్రతిధ్వనే సమాచారం.

ఈ సూత్రమే 1983 డిసెంబరులో కంప్యూటర్ల లోకానికి వచ్చింది. అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేస్తున్న మైక్ మూస్, ఒక యంత్రం మరో యంత్రాన్ని “ఉన్నావా?” అని అడిగి జవాబుకోసం వేచిచూసే చిన్న ప్రోగ్రాము రాసి, సోనార్ ధ్వనిని తలచుకుని దానికి ‘పింగ్’ అని పేరుపెట్టాడు. తరువాత కొందరు ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు ‘పాకెట్ ఇంటర్నెట్ గ్రోపర్’ అన్న విస్తరణ కల్పించారు. ఉత్త మోతకు ఇంత గౌరవమా అన్న సంకోచం పండితులకే పరిమితం కాదన్నమాట!

ఇటువంటి సంకోచం తెలుగుకు ఎన్నడూ లేదు. గలగల, గుసగుస, పకపక వంటి జంటపదాలు ఈ భాషకు ప్రాణం. అమెరికా భాషావేత్త ఎమెనో 1969లో ప్రచురించిన వ్యాసంలో, ద్రావిడ, ఆర్య భాషా కుటుంబాలు రెండూ పంచుకున్న భారతీయ లక్షణాలలో ధ్వన్యనుకరణాన్ని ఒకటిగా నిరూపించాడు. తెలుగులో ఈ పదాలు తరచు ‘అను’ ధాతువుతో కలుస్తాయి. గంట ఖంగుమంటుంది, నిప్పు భగ్గుమంటుంది. చెవికి అందనివి కూడా పలుకుతాయి: గుండె ఝల్లుమంటుంది, మనసు చివుక్కుమంటుంది. అంటే తెలుగువాని దృష్టిలో ధ్వని ఒక పలుకు. పలుకు ఉన్నచోట వినేవారూ ఉంటారు.

‘పింగ్’ మాత్రం తెలుగులోకి ‘అను’తో రాలేదు, ‘చేయు’తో వచ్చింది. ఫోను టింగుమంటుంది, మనిషి పింగ్ చేస్తాడు. మొదటిది వినికిడికి సంబంధించినది, రెండవది పనికి సంబంధించినది. పింగ్ చేయడంతో తన పని ముగిసిందని పంపినవాడు భావించే అవకాశం ఇందులో ఉంది. “నేను పింగ్ చేశాను కదా” అన్న వాక్యం ఈనాడు అనేక కార్యాలయాల్లో బాధ్యతకు ముగింపు వాక్యంగా చెలామణి అవుతున్నది. అవతలివారు విన్నారా, బదులిచ్చారా అన్న ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

ఇది కేవలం భాషకు సంబంధించిన పట్టింపు కాదు. పింఛనుకో పట్టాకో అర్జీ పెట్టుకున్న వృద్ధురాలి చేతిలో ఫోను టింగుమంటుంది. అర్జీ అందిందని, దాని సంఖ్య ఫలానా అని సందేశం. చదవడం రాకపోతే పక్కింటి పిల్లవాడిచేత చదివించుకుంటుంది. యంత్రాల భాషలో పింగ్ చేసినది ఆమె, ఆమె అడిగిన “ఉన్నారా?” అన్న ప్రశ్నకు యంత్రం ఇచ్చిన రసీదు ఇది. పింఛను వస్తుందో రాదో, రాకపోతే ఎందుకు రాదో తెలిసినప్పుడే ఆ పిలుపుకు ప్రతిధ్వని దక్కినట్టు.

పరభాషాపదం వచ్చినందుకు చింతించవలసిన పనిలేదు; రైలూ తపాలా వచ్చి తెలుగైనట్టే ఇదీ అవుతుంది. అయితే ఓడలోని నావికుడు పింగ్ పంపి పక్కకు వెళ్లిపోడు. చెవులు రిక్కించి కూర్చుంటాడు. పదంతోపాటు ఆ అలవాటును కూడా కార్యాలయాలు దిగుమతి చేసుకోగలిగితే, తెలుగు ఈ చిన్న మోతను సంతోషంగా తన నిఘంటువులో చేర్చుకోవచ్చు.