మూడో వారం

'కలెక్టివ్' (2019) అనే రొమేనియన్ డాక్యుమెంటరీని నేను మొదటిసారి అవినీతి మీద సినిమాగానే చూశాను. అందరూ అలాగే చెప్పారు మరి. అలెగ్జాండర్ నానౌ తీశాడు, ఆస్కార్‌కి రెండు విభాగాల్లో నామినేట్ అయింది. 2015 అక్టోబర్ 30 రాత్రి బుకారెస్ట్‌లో కలెక్టివ్ అనే నైట్‌క్లబ్ తగలబడింది. మొత్తం 64 మంది పోయారు. వాళ్ళలో సగం కంటే ఎక్కువమంది ఆ రాత్రి క్లబ్బులోంచి ప్రాణాలతో బయటపడినవాళ్ళే. రోజులు, వారాలు గడిచాక ఆసుపత్రి మంచాల మీద పోయారు. ఆసుపత్రులకి అమ్మే క్రిమిసంహారక మందులో ఒక కంపెనీ నీళ్ళు కలుపుతోందని ఆ తర్వాత బయటపెట్టింది ఒక స్పోర్ట్స్ పత్రిక. సినిమా ఆ విలేకరుల వెంటే తిరుగుతుంది.

రెండోసారి చూస్తుంటే వేరే ప్రశ్న పట్టుకుంది. మందులో నీళ్ళు కలపకపోయి ఉంటే వాళ్ళంతా బతికేవాళ్ళా? అంత పెద్ద కాలిన గాయాల్ని చూడగల పడకలు ఆ ఊళ్ళో ఉన్నవే కొన్ని. అయినా మా దగ్గర అన్నీ ఉన్నాయని కెమెరాల ముందు పెద్దలు చెప్పారు. చాలామందిని వేరే దేశాలకి పంపింది వారం గడిచాకే. దొంగ దొరికాడు కాబట్టి కథకి విలన్ కుదిరాడు గానీ, "మా వల్ల కాదు" అనే మాట మొదటి రోజే ఎవరూ ఎందుకు అనలేదన్నది నాకింకా పెద్ద ప్రశ్నగా అనిపిస్తుంది.

కాలిన గాయం లెక్క చిత్రంగా ఉంటుంది. అరవై కిలోల మనిషికి ఒంట్లో 40 శాతం కాలిందనుకోండి. పార్క్‌లాండ్ ఫార్ములా ప్రకారం 4 మిల్లీలీటర్లు ఇంటూ 60 ఇంటూ 40. అంటే మొదటి ఇరవైనాలుగు గంటల్లో 9.6 లీటర్ల సెలైన్ లాంటి ద్రవం ఎక్కించాలి. అందులో సగం మొదటి 8 గంటల్లోనే. ఆ ఎనిమిది గంటలు కూడా ఆసుపత్రికి వచ్చిన దగ్గర్నుంచి కాదు, కాలిన నిమిషం నుంచి లెక్క. ఇంతా చేస్తే ఇది సులువైన భాగం. తర్వాత చచ్చిన చర్మాన్ని కోసి తియ్యాలి, కొత్తది అతకాలి, మళ్ళీ మళ్ళీ కట్లు మార్చాలి. ఒక్క మనిషికి కట్లు మార్చడానికే ఇద్దరు ముగ్గురు కలిసి గంటా రెండు గంటలు పనిచేయాలి. ఇన్‌ఫెక్షన్ ఎలాగూ కాచుకుని ఉంటుంది.

ఇదంతా నాకు పుస్తకాల్లోంచి కాక ముందు మా వదిన వల్ల తెలిసింది. పెద్దమ్మ కోడలు. వంటింట్లో గ్యాస్ లీకయింది. మొదటి రోజు చక్కగా మాట్లాడింది. స్టవ్ మీద పెట్టిన పాల సంగతి అడిగింది. "బానే ఉంది కదరా" అని అన్నయ్య బయటికొచ్చి టీ తాగాడు. మూడు రోజులకి జ్వరం మొదలైంది. రాత్రిపూట వార్డు మొత్తానికి ఇద్దరు నర్సులు. ఒకామె కట్లు మారుస్తుంటే రెండో ఆమె మిగతా మంచాలన్నిటికీ పరిగెత్తేది. ఎవరినీ తప్పుపట్టే పరిస్థితి కాదు. పద్నాలుగో రోజు వదిన పోయింది. ఆ వార్డుకి మా వదిన అదనంగా వచ్చిన ఒక్క మనిషి.

ఒక్కసారిగా ఐదొందల మంది వస్తే?

తైవాన్‌లో వచ్చారు. బుకారెస్ట్‌కి నాలుగు నెలల ముందు, 2015 జూన్ 27న, న్యూ తైపేలోని ఒక వాటర్ పార్కులో పాటల కార్యక్రమం. జనం మీద చల్లిన రంగుల మొక్కజొన్న పిండి గాల్లోనే అంటుకుంది. దాదాపు ఐదొందల మంది కాలారు, ఎక్కువమంది కుర్రవాళ్ళే. సగటున ఒంట్లో 40 శాతం పైనే. పోయినవాళ్ళు 15 మంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం పూర్తి న్యాయం కాదని తెలుసు. అక్కడ ఆరుబయట, ఇక్కడ మూసిన గది, ఊపిరితిత్తుల్లోకి విషపు పొగ. తైవాన్‌లోనూ మొదటి గంటలు గందరగోళమే. దగ్గరున్న ఆసుపత్రులు కిక్కిరిశాయి. కానీ బాధితుల్ని పదుల కొద్దీ ఆసుపత్రులకి పంచారు. నిండినచోటి నుంచి మళ్ళీ కదిలించారు. వేరే వార్డుల నర్సుల్ని తెచ్చారు. చర్మం చాలక విదేశాల నుంచి తెప్పించారు.

నా ఉద్యోగంలో లోడ్ బ్యాలెన్సర్ అనేదొకటి ఉంటుంది. "నేను నిండిపోయాను" అని నిజం చెప్పే సర్వర్‌తో ఇబ్బంది లేదు. నిండిపోయినా సరే సరే అంటూ పనులు తీసుకునేదే మొత్తాన్ని కూలుస్తుంది. ఆసుపత్రికి పరువు కూడా ఉంటుంది, సర్వర్‌కి ఆ బాధ లేదు. అందుకే మంచి ప్రణాళిక అంటే నాకు అంబులెన్సుల సంఖ్య కంటే ఆ మాట ఎవరు, ఎన్ని గంటల్లోపు చెప్పాలో ముందే రాసిపెట్టుకోవడం. 2025 మార్చిలో ఉత్తర మాసిడోనియాలోని కొచానీలో నైట్‌క్లబ్ కాలినప్పుడు గాయపడినవాళ్ళని రోజుల్లోనే చుట్టుపక్కల దేశాలకి విమానాల్లో తరలించారు. చెప్పగలిగారన్నమాట.

మన దగ్గర? తైవాన్ ప్రమాదానికి సరిగ్గా ఏడాది ముందు, 2014 జూన్ 27 తెల్లవారుజామున, కోనసీమలో నగరం దగ్గర గెయిల్ పైపులైను పేలింది. కొందరు అక్కడికక్కడే, మరికొందరు ఆసుపత్రుల్లో, మొత్తం ఇరవైమందికి పైగా పోయారు. నాకు గుర్తున్నవి కాలిన కొబ్బరిచెట్ల ఫొటోలు, ఎక్స్‌గ్రేషియా అంకెలు. మూడో వారంలో ఆ వార్డుల్లో ఎవరెలా ఉన్నారో చదివిన గుర్తు లేదు. మనకి ప్రమాదం అంటే ఆ రోజే. టీవీ వ్యాన్లు వెళ్ళిపోయాక మొదలయ్యేది వార్త కాదు.

హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో చర్మం బ్యాంకు ఉంది. పోయిన ఆరు గంటల్లోపు తీసుకుంటే, గ్లిజరాల్‌లో పెట్టి ఐదేళ్ళదాకా దాచొచ్చట. కాలిన ఒంటికి అది శాశ్వతంగా అతుక్కోదు, సొంత చర్మం సిద్ధమయ్యేదాకా కప్పి కాపాడుతుంది. వదిన విషయంలో మాకెవరూ ఆ ముక్క చెప్పలేదు.

మొన్న అమ్మతో అన్నాను.

"నా చర్మమా? ఈ ముడతలదా?"

"పనికొస్తుందమ్మా. పైన పల్చటి పొరే తీస్తారు."

కాసేపు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. "మొహం మీద తీస్తారా?"

"లేదు. తొడలు, కాళ్ళు, వీపు."

"ఆ పిల్ల వీపంతా..." అని ఆగిపోయింది. తర్వాత, "కాయితం ఏదైనా ఉంటే పట్రా, అన్నయ్యకి కూడా చెప్పు" అంది.