రహస్యం వెల

యూరప్ వెళ్ళినవాళ్ళు ఏం తెచ్చుకుంటారండీ? చాక్లెట్లు, సెంటుసీసాలు, ఈఫిల్ టవర్ ముందు దిగిన ఫొటోలు. నేను మాత్రం ఊరూరా మేజిక్ సామాన్లు అమ్మే కొట్లు వెతుక్కుంటూ తిరిగాను. "నవలలు రాసీ రాసీ నీకు మతి పోయింది" అన్నారు మావారు. అంటూనే సంచీ మోస్తూ నా వెనకే వచ్చారు, పాపం!

ఇది 2018 నాటి మాట. లండన్‌లో చేరింగ్ క్రాస్ స్టేషన్ కింద, భూగర్భ రైళ్ళకు వెళ్ళే దారిలో డావెన్‌పోర్ట్స్ కొట్టు ఉండేది. 1898లో పెట్టిన కొట్టది. ఆ తర్వాత లండన్ వదిలి నార్ఫోక్‌కు తరలిపోయింది. పారిస్‌లో కార్మ్ వీధిలోని మాయెట్ అంతకంటే పాతది, 1808 నాటిది. బార్సిలోనాలో 1881 నుంచి ఉన్న కొట్టు పేరుకు 'ఇంద్రజాల మహారాజు' అని అర్థం. పార్తగాస్ అనే ఇంద్రజాలికుడు పెట్టాడట.

మూడు ఊళ్ళు, మూడు భాషలు. పద్ధతి మాత్రం ఒక్కటే. బల్ల వెనక నిలుచున్న మనిషి మన కళ్ళముందే నాణెం మాయం చేస్తాడు. ఎలా చేశావంటే నవ్వుతాడు. డబ్బు కడితేనే గుట్టు! మనమేమో చీర మడతలు విప్పించి, వెలుతురులో పట్టి చూసి, నాలుగు వంకలు పెట్టి మరీ కొంటాం. ఇక్కడ ముందు కొనాలి, తర్వాత తెలుసుకోవాలి. తెలిశాక వాపసు అడగడానికి లేదు. తెలిసినదాన్ని ఎలా తిరిగిస్తాం?

పారిస్‌లో నేనూ ఒక నాణెం కొన్నాను. బసకొచ్చి డబ్బా విప్పి, కాగితం చదివి, "ఇంతేనా!" అన్నాను.

అన్న మరుక్షణం గుండె గతుక్కుమంది. ఆ మాట నేననడం అది మొదటిసారి కాదు మరి.

మాది హుజూరాబాద్. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఊరి చివర చింతచెట్ల కింద ఒక గారడి కుటుంబం దిగింది. తండ్రి మాటకారి, తల్లి డోలు వాయించేది, నా ఈడు పిల్ల గంపలో కూర్చునేది. గంప మీద గుడ్డ కప్పి తండ్రి కత్తులు దూస్తుంటే, ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు. కాసేపటికి పిల్ల నవ్వుతూ లేచేది. పావలాలు, అర్ధరూపాయలు రాలేవి.

గుట్టు తెలియక నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే కాల్చిన మక్కకంకి పట్టుకుని చింతచెట్ల కిందికి పోయాను. ఆ పిల్ల కంకి తింటూ గంపలో దిగి చూపించింది. "ఇంతేనా!" అన్నాను.

"ఎవ్వలకు చెప్పకు" అంది.

"చెప్ప. ఒట్టు" అన్నాను.

ఆ సాయంత్రమే బస్టాండు దగ్గర ఆట. కత్తి పైకి లేచింది. జనం ఊపిరి బిగబట్టారు. నాకు తెలుసన్న గర్వం కడుపులో ఆగలేదు. గట్టిగా అరిచేశాను. జనం గొల్లున నవ్వి, ఎవరిదారిన వాళ్ళు పోయారు. డోలు ఆగిపోయింది. గంపలోంచి లేచిన పిల్ల నన్నేమీ అనలేదు. పరిచిన గుడ్డ వైపు చూసింది. దానిమీద ఒక్క పైసా లేదు.

సంగతి తెలిసి అమ్మ నన్ను కొట్టలేదు. "ఆళ్ళ నోటికాడి బుక్క గుంజుకున్నవ్ గదనే!" అంది. తవ్వెడు బియ్యం చెంగున కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని చింతచెట్ల దగ్గరికి నడిచింది. పొయ్యిరాళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. మనుషులు లేరు.

మన వీధుల్లో పావలాకు చూపిన ఆ గంప విద్యనే 1865లో స్టోడేర్ అనే ఆయన లండన్‌లో ఈజిప్షియన్ హాల్లో ప్రదర్శించాడు. లండన్‌లోనే 1905లో పుట్టిన మేజిక్ సర్కిల్ అనే సంఘానికి, గుట్టు బయటపెట్టకపోవడమే మొదటి నియమం. చెప్పొద్దూ, ఆ సంఘం 1991 దాకా ఆడవాళ్ళను చేర్చుకోనే లేదు! సోఫీ లాయిడ్ అనే ఆవిడ మగవేషంలో పరీక్ష నెగ్గి చేరి, తర్వాత నిజం చెబితే వెళ్ళగొట్టారు. 2025లో క్షమాపణ చెప్పి మళ్ళీ చేర్చుకున్నారు. ఆడవాళ్ళ నోట్లో మాట దాగదన్న సామెత వాళ్ళ దాకా ఎలా చేరిందో! అయితే నన్ను వెళ్ళగొట్టి ఉంటే మాత్రం నోరెత్తేదాన్ని కాదు. ఒక మక్కకంకికి కొన్న రహస్యాన్ని ఊరికే పంచిపెట్టినదాన్ని కదా!

మొన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు తమ్ముడి కూతురికి ఆ పారిస్ నాణెం మాయం చేసి చూపించాను. "ఎట్ల చేసినవ్ అత్తా?" అంది. నేను నవ్వి ఊరుకుంటే, "ఫోన్ల చూస్తె తెలుస్తది తియ్" అంది. నిజమే, ఇప్పుడు ఏ గుట్టయినా ఫోన్లో ఉచితం. "చూసుకో తల్లీ, తెలుసుకుంటే తప్పులేదు. నలుగురిలో అరవకు, అంతే" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ, ఫోన్ పక్కన పెట్టి, "మళ్ళొక్కసారి చెయ్యత్తా" అంది.

అన్నట్టు, ఆ రోజు బస్టాండులో నేనేమని అరిచానో మీకు చెప్పలేదు కదూ?

చెప్పను. ఒట్టు.