టు-లెట్ బోర్డు



మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పీజీ అయిపోయి ఉస్మానియా హాస్టల్ ఖాళీ చేశాక నల్లకుంట, విద్యానగర్ గల్లీల్లో గది కోసం తిరిగాను. మొదటి ఇంట్లో అద్దె చెప్పకముందే "మీరేంట్లు బాబూ?" అన్నారు. చెప్పాను. "మా బంధువులొస్తున్నారు, ఇవ్వం" అన్నారు. వారం తర్వాత కూడా బోర్డు అక్కడే వేలాడుతోంది. రెండో ఇంట్లోనూ అంతే.

"వేరే కులం చెప్పు, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు ఒక మిత్రుడు. నిజం చెప్పాలంటే, మూడో ఇంటికి ఆ అబద్ధం సిద్ధం చేసుకునే వెళ్ళాను. కానీ ఆ రోజు ఊరి నుంచి నాన్న వచ్చాడు. చెప్పులు గేటు బయటే విడిచి నా పక్కన నిలబడ్డాడు. ఆయన ముందు ఆయన్ను కాదనడానికి నోరు రాలేదు. "ఎస్సీలమండీ, సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదువుకున్నాను" అన్నాను.

ఓనరమ్మ కాసేపు నాన్న కాళ్ళవైపు చూసింది. "ఎండలో నిలబడ్డారేం, లోపలికి రండి" అంది. రిటైర్డ్ టీచరట.

అద్దె 6,000, రెండు నెలల అడ్వాన్సు, ఆధార్ జిరాక్సు. ట్యూషన్లు చెప్పి దాచిన 12,000 ఇచ్చి రసీదు రాయించుకున్నాను. (రసీదు మాత్రం తప్పక అడగండి తమ్ముళ్ళూ!)

ఒకే హాలులో ట్రంకుపెట్టెల మధ్య పడుకున్నవాళ్ళం కదా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్న కూడా పడుకోలేదు. తాళంచెవి పట్టుకుని రెండుసార్లు తలుపు వేసి, తీసి చూశాడు.