గోదావరి ఒడ్డు నుంచి తరిగొప్పులకు

హన్మకొండ

బాపూ,

జనగామ మీదుగా పోయే 163 నంబరు జాతీయ రహదారిని మనం ఎప్పుడూ హైదరాబాద్ పోయే రోడ్డుగానే చూశాం. అదే రోడ్డు రెండోవైపు హన్మకొండ, ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం దాటుతుంది. ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన ఎక్కి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం దాకా పోతుంది. నేనిప్పుడు అటే పోతున్నా. గొత్తికోయల గుంపులకు ఎందుకు, పత్రికలో రాయడానికి వేరే ఊళ్లే లేవా అని అమ్మ అడిగింది కదా. బస్సులో కూర్చుని చెప్పలేకపోయాను. ఇది ఆమెకు కూడా చదివి వినిపించు.

2005 జూన్‌లో ఇప్పటి బీజాపూర్ జిల్లా ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టుల మీద పోరు పేరుతో, ప్రభుత్వం అండతో నడిచింది. ఊళ్లు కాలాయి, మనుషులను రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. శిబిరానికి పోతే మావోయిస్టులకు శత్రువు, పోకుంటే పోలీసులకు శత్రువు. రెండూ వద్దనుకున్న మురియా, దోర్లా కుటుంబాలు పిల్లలను ఎత్తుకుని అడవిదారిన ఇవతలికి వచ్చాయి. ఇక్కడ గొత్తికోయలంటున్నది వీళ్లనే. అంతకుముందు కూడా పోడు కోసం, కూలి కోసం వచ్చేవాళ్లు ఉండేవారు. కానీ ఇంతమంది ఒక్కసారి ఎన్నడూ రాలేదు. ఉమ్మడి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి యాభై వేల మంది దాకా వచ్చి ఉంటారని ఒక అంచనా.

ఆనాడు ఈ సంగతిని మొదట పట్టించుకున్న వాళ్లలో బాలగోపాల్ ఒకడు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పినవాడు, నువ్వెరుగుదువు. 2006లోనే ఆయన ఛత్తీస్‌గఢ్ హింస గురించి ఈపీడబ్ల్యూ వారపత్రికలో వివరంగా రాశాడు. రెండు పక్కల హింసనూ రాశాడు, ఏ పక్షానికీ నచ్చేట్టు రాయాలని చూడలేదు. ఆ మరుసటేడు నందినీ సుందర్, రామచంద్ర గుహ, మన ఈ.ఏ.ఎస్. శర్మ కలిసి సల్వాజుడుం మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఒకరు బస్తర్ మీద పుస్తకం రాసిన పరిశోధకురాలు, ఒకరు చరిత్రకారుడు, ఒకరు పదవీ విరమణ చేసిన ఐఏఎస్. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పు చెప్పారు. చదువు అంతంతమాత్రంగా ఉన్న ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులను చేయడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆ తీర్పు నిన్న రాత్రి మళ్లీ చదివాను. అందులో కోపం ఉంది బాపూ. కోర్టు కాగితంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

రేపు పొద్దున తాడ్వాయి బస్సు. జ్వరం గోలీలు, దోమతెర పెట్టుకున్నా, భయపడకండి.

నీ బిడ్డ

తాడ్వాయి

బాపూ,

గుంపుకు పోయి వచ్చాను. ఏ గుంపో పేరు రాయను. పేరు రాస్తే వాళ్లకే ఇబ్బంది అని తీసుకుపోయిన ఆశా కార్యకర్త ముందే చెప్పింది. ఆమె ఈ ప్రాంతపు కోయ. మందుల సంచి భుజానికేసుకుని వాగు దాటి పోతుంది. వానాకాలంలో ఆ వాగే వాళ్లకూ ఆసుపత్రికీ మధ్య అడ్డం.

కర్రలు పాతి మట్టి మెత్తిన ఇండ్లు, మధ్యలో ఊడ్చిన వాకిళ్లు, కోళ్లు, పందులు. బోరింగు లేదు. వాగు ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీళ్లను సొరబుర్రతో తోడి బిందె నింపుతున్నారు. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పట్టిందో చూస్తూ నిలబడ్డాను. నీళ్లు తోడుతున్న ఆమెకు నాకంటే చిన్న వయసే ఉంటుంది, వీపున చంటిపిల్ల. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు సగమే వచ్చు. బీజాపూర్ అవతల తన ఊరి పేరు చెప్పి, చేత్తో పొగ పైకి లేచినట్టు చూపించింది. ఆ తర్వాత నేను ఏమీ అడగలేదు.

బోరు ఎందుకు వేయరని అడిగితే, అది రిజర్వు అడవి కాబట్టి అంటారు. పట్టా ఎందుకు ఇవ్వరని అడిగితే చట్టం చూపిస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులైతే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి ఆ భూమి మీద ఉండాలి. సల్వాజుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. తరువాతి నెలల్లో, ఏళ్లలో ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు గడువు దాటి వచ్చినట్టు లెక్క. పైగా అక్కడ గిరిజనులైన వీళ్లకు ఆ రాష్ట్రపు కులపత్రం ఇక్కడ చెల్లదు. గిరిజనులు కాకపోతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అడవిలో ఉన్నట్టు రుజువు చూపాలి. నది దాటితే మనిషి తెగ మారుతుందా? ఈ ప్రశ్నకు ఏ ఆఫీసులోనూ నాకు జవాబు దొరకలేదు.

మన తరిగొప్పుల చుట్టూ ఉన్న తండాలే గుర్తుకొచ్చాయి. లంబాడాలను తెలంగాణలో షెడ్యూల్డు తెగగా గుర్తించింది 1976 చట్టం. అదే లంబాడా మహారాష్ట్రలో విముక్త జాతి, కర్ణాటకలో షెడ్యూల్డు కులం. నిజాం కాలంలో ఎడ్ల మీద సరుకు మోసే వాళ్ల వర్తకం ఎట్లా పోయిందో, నేరస్థుల ముద్ర ఎట్లా పడిందో భంగ్యా భూక్యా పుస్తకంలో చదివాను. ఆయన కూడా ఆ సమాజంలోంచి వచ్చినవాడే. లోపలి మనిషి రాసినప్పుడు చరిత్రకు వేరే బలం వస్తుంది. గొత్తికోయల్లోంచి అట్లా రాసే మనిషి రావాలంటే ముందు ఆ గుంపు పిల్ల ఒకతి పదో తరగతి దాటాలి.

అడవి శాఖ మీద నాకు గుడ్డి కోపం లేదు. చెట్లు పోతున్న మాట నిజం, పోడు పెరిగిన మాట నిజం. 2022 నవంబర్‌లో చండ్రుగొండ దగ్గర నాటిన మొక్కలు, పోడు గొడవలో ఒక రేంజ్ ఆఫీసర్‌ను గొత్తికోయలు నరికి చంపారు. ఆ ఇంటి దుఃఖాన్ని పక్కనబెట్టి ఈ ఉత్తరం రాయలేను. ఇక్కడికి దగ్గర్లోనే జలగలంచలో 2017 సెప్టెంబర్‌లో గుడిసెలు కూల్చారు, అడ్డుపడ్డ ఆడవాళ్లను చెట్లకు కట్టారు. ఆ సంగతి బయటికి వచ్చింది పత్రికల వల్ల, హక్కుల సంఘాల వల్ల. వాళ్లే లేకుంటే ఆ ఊరి పేరు నాకూ తెలిసేది కాదు.

నీ బిడ్డ

ఏటూరునాగారం

బాపూ,

ఇక్కడ గోదావరి ఎండాకాలపు గోదావరే, ఇసుక మధ్య పాయలు. దేవాదుల దగ్గర ఎత్తిపోసిన ఈ నీళ్లే ధర్మసాగర్ మీదుగా మన బొమ్మకూరు రిజర్వాయరుకు చేరేవి. అడుగంటిన బావులు నిండినప్పుడు నువ్వు ఎంత మురిసిపోయావో. ఆ నీళ్లు మనకు పంపే ఒడ్డునే చెలిమె నీళ్లు తాగేవాళ్లు ఉన్నారని మాత్రం మనలో ఎవరం అనుకోలేదు.

మిరప ఏరుడు ఇంకా నడుస్తోంది. ఏటూరునాగారం, మంగపేట, వాజేడు, వెంకటాపురం చేలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. చేనుగట్ల మీదనే గుడిసెలు వేసుకుంటారు. 2020 లాక్‌డౌన్‌లో పని ఆగిపోయింది, బస్సులు లేవు. పన్నెండేళ్ల పిల్ల ఒకతి తోటివాళ్లతో కలిసి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయలుదేరింది. మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకాస్త దూరం ఉందనగా ఏప్రిల్ 18న చనిపోయింది. ఒంట్లో నీళ్లు, లవణాలు తగ్గిపోయి ఉంటాయని డాక్టర్లు చెప్పారు.

ఆ సంగతి ఫోన్‌లో చెబితే తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. టూసాన్‌లో ఉంటున్నప్పటి నుంచి సెలవు రోజుల్లో హ్యూమేన్ బోర్డర్స్ వాళ్ల నీళ్ల బండిలో పోతున్నాడు, నీకు చెప్పాడో లేదో. మెక్సికో నుంచి ఎడారి దాటి వచ్చేవాళ్ల కోసం నీలం పీపాల్లో నీళ్లు నింపి, పైన జెండా కట్టి వస్తారు. 2000లో పుట్టిన సంస్థ అది. 2019 జూన్‌లో ఆ అరిజోనా ఎడారిలోనే మన దేశపు పాప, ఆరేళ్ల పంజాబీ పిల్ల ఎండకు చనిపోయింది. తల్లి నీళ్ల కోసం వెతకబోయిన సమయంలో జరిగిందట. నో మోర్ డెత్స్ అనే ఇంకో సంస్థలో పనిచేసే స్కాట్ వారెన్ అనే భూగోళ శాస్త్రం పంతులు ఇద్దరు వలసదారులకు తిండి, నీళ్లు, నీడ ఇచ్చినందుకు కేసు ఎదుర్కొన్నాడు. 2019 నవంబర్‌లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. అక్కడా పాఠాలు చెప్పేవాళ్లు, పుస్తకాలు రాసేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు చాలాసార్లు ఒక్కరే. గ్లోరియా అంజాల్దువా 1987లో సరిహద్దు జీవితం మీద రాసిన పుస్తకం తమ్ముడు పంపాడు. ఆమె కూడా టెక్సాస్ సరిహద్దులో పొలం పనులు చేసే ఇంట్లో పుట్టిన మనిషే.

ఇక్కడ అట్లాంటి మనిషి సీతక్క. రాజకీయాల్లో ఆమెను మెచ్చేవాళ్లు, మెచ్చనివాళ్లు ఉంటారు, నేను మాట్లాడేది ఆమె పరిశోధన గురించి. కోయ బిడ్డ, ఒకప్పుడు ఇవే అడవుల్లో అజ్ఞాతంలో తిరిగింది. వరంగల్, ఖమ్మం జిల్లాల్లోని గొత్తికోయల వెలివేత, లేమి మీద ఉస్మానియాలో పరిశోధన చేసి 2022లో డాక్టరేట్ తీసుకుంది. లాక్‌డౌన్‌లో బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని వాగులు దాటి గుంపులకు పోయింది కూడా ఆమే.

పిల్లల సంగతికి వస్తే శాంతా సిన్హా చేసిన పని గురించి రాయకుండా ఉండలేను. బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు ఆమె మొదటి అధ్యక్షురాలు. 2007 డిసెంబర్‌లో ఆ కమిషన్ బృందం దంతెవాడకూ ఖమ్మానికీ పోయి, సరిహద్దు ఇవతలికి వచ్చిన పిల్లలకు బడి, అంగన్‌వాడీ ఎందుకు అందడం లేదని అడిగింది. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్ల సంచార వైద్యశాలలు 2006 నుంచి సరిహద్దుకు రెండువైపులా మలేరియాకు మందులిచ్చాయి.

ఈ రోజు ఒక చిన్న వసతి బడికి పోయాను. నడిపే పిల్లవాడికి పాతికేళ్లు కూడా ఉండవు. గొత్తికోయ పిల్లలను సర్కారు బడిలో చేర్పించాలని చూస్తున్నాడు. పుట్టిన తేదీ లేదు, తండ్రి ఇంటిపేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంది. ఫారం నింపేటప్పుడు ప్రతి గడి దగ్గరా ఆగిపోతున్నాడు. నువ్వు పంతులుగా తండా పిల్లలను చేర్పించిన రోజులు నాకు గుర్తొచ్చాయి. తల్లిని కూర్చోబెట్టి, ఏ కరువు ఏడాది పుట్టాడు, ఏ తీజ్ పండుగకు ముందా తర్వాతా అని అడిగి అడిగి తేదీ రాసేవాడివి. తాలూకా ఆఫీసులో ఎవరిని ఎట్లా ఒప్పించావో, ఏ కాగితం ముందు పెట్టావో, ఏది వెనక్కి వచ్చిందో, వచ్చినప్పుడు ఏం చేశావో అంతా వరుసగా రాసి పంపు. ఆ పిల్లవాడికి అది కావాలి. రేపు వంతెన దాటి వాజేడు పోతున్నా, నాలుగు రోజుల్లో మళ్లీ ఇక్కడికే వస్తా. ఏటూరునాగారం పోస్టాఫీసుకే పంపు. బడి తెరిచేలోపు అందేట్టు చూడు.

నీ బిడ్డ