షేరూ మోకాళ్లు, కువైట్ డబ్బా

మన ఇళ్లలో కుక్క పేరెత్తితే ముందు వచ్చే మాట పాకీ, నాపాకీ. వజూ ఉంటుందా పోతుందా, బట్టలకి తగిలితే ఏం చేయాలి, ఇంట్లో ఉంటే ఫరిష్తాలు వస్తారా రారా. ఈ సవాళ్లకి జవాబు మీ ఆలిమ్ చెబుతారు, నాకంత ఇల్మ్ లేదు. కానీ తోట కాపలాకి, మందకి కుక్కని పెట్టుకునే ఇజాజత్ ఉందని మనకి తెలుసు. దాహంతో నాలుక చాపిన కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మోజాలో నీళ్లు తెచ్చి తాగించిన మనిషిని అల్లా మాఫ్ చేశాడన్న హదీసు చిన్నప్పుడు విన్నదే. అస్హాబె కహఫ్ గుహ వాకిట్లో ముందుకాళ్లు చాపుకుని ఉన్న కుక్క ఖురాన్‌లోనే ఉంది. కాబట్టి ఇవాళ్టి బాత్ వేరే. పదకొండేళ్లు మన వాకిలి కాసిన కుక్కకి కీళ్లనొప్పులు వస్తే మన జిమ్మేదారీ ఏమిటి? బజార్లో దొరికే ‘జాయింట్ సప్లిమెంట్’ డబ్బాల్లో ఏది కొనాలి, ఏది కొనక్కర్లేదు?

మా మామూకి కడప నుంచి రాయచోటి పోయే దారిలో మామిడితోట ఉంది. దాని చౌకీదారు షేరూ. సగం లాబ్రడార్, సగం మన ఊరకుక్క. కిందటి చలికాలం నుంచి పొద్దున లేవడానికి తంటాలు పడుతున్నాడు. ముందుకాళ్ల మీద లేచి, వెనక భాగాన్ని ఈడ్చుకున్నట్టు లేపుతాడు. నాలుగడుగులు వేశాక కాస్త సర్దుకుంటాడు. బోరు దగ్గరికి పోవడం మానేశాడు, జీపులోకి దూకడం మానేశాడు. కుయ్యిమనడం మాత్రం లేదు. "బేజుబాన్ హై బేటా, హమీచ్ సమఝ్నా" అన్నాడు మామూ. నిజమే, నోరులేని జీవి. కుక్క నొప్పిని అరుపుల్లో వెతికితే దొరకదు. లేవడంలో జాప్యం, మెట్టు దగ్గర తటపటాయింపు, ఒకే కీలుని అదేపనిగా నాకడం, ముట్టుకుంటే విసుక్కోవడం, సన్నబడిన వెనక తొడలు, నొప్పి ఆనవాళ్లు ఇవి.

కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేసే మామూ కొడుకు ఈ సంగతి వీడియో కాల్‌లో చూశాడు. షేరూని అరచేతిలో పట్టేంత పిల్లగా తోటకి తెచ్చింది వాడే. నెల తిరక్కుండా ఊరికి వచ్చే దోస్తు చేత ఒక డబ్బా పంపాడు. నమిలే గోలీలు. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్, పసుపు సత్తు, ఇంకా పది పేర్లు. డబ్బా మీద గంతులేస్తున్న కుక్క బొమ్మ. మన రూపాయల్లో లెక్కేస్తే మామూ ఒక కూలీకి వారం రోజులు ఇచ్చేంత.

డబ్బా మూత తీయకముందే షేరూని ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకి తీసుకెళ్లాం. ఇది అందరికీ చెప్పే మాట: కుంటే ప్రతి కుక్కకీ ఆర్థరైటిస్ అని ముందే ఫైసలా చేయకండి. మోకాలి లిగమెంటు తెగినా కుంటుతుంది, ఎముకలో గడ్డ ఉన్నా కుంటుతుంది. మన తోటల్లో పిడుదులు ఎక్కువ, వాటి వల్ల వచ్చే జ్వరంలోనూ కీళ్లు పట్టేస్తాయి. ఇవేవీ సప్లిమెంటుతో తగ్గేవి కావు. షేరూకి ఎక్స్‌రేలో రెండు తుంటి కీళ్లూ అరిగినట్టు తేలింది. ఎముకల చివర మెత్తగా ఉండే కార్టిలేజ్ అరిగి, కీలు వాచి, చుట్టూ కొత్త ఎముక మొలకలు వేస్తుంది. అరిగింది తిరిగి రాదు. చేయగలిగిందల్లా నొప్పి తగ్గించడం, నడక కాపాడడం.

డాక్టర్ సాబ్ మొదటి సవాలు డబ్బా గురించి కాదు. "బరువెంత?" అన్నారు. తోటకి తిరిగొచ్చి మామిడికాయలు తూచే కాటా మీద నిలబెడితే 28 కిలోలు. ఉండాల్సింది 25 లోపు. ఆ మూడు కిలోల హిసాబ్ తోటలో అందరికీ తెలుసు: దావత్‌ల నుంచి వచ్చే బిర్యానీ, పొద్దుటి చాయ్‌తో రస్కులు, బక్రీద్ కొవ్వు. బిర్యానీలో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్క రక్తకణాలని పాడుచేస్తుంది. ఉడికిన ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయి. మోమాటం లేకుండా రెండూ బంద్.

బరువు తగ్గడం ఎంత పెద్ద ఇలాజో నాకు చదివాకే తెలిసింది. అమెరికాలో 48 లాబ్రడార్లని పిల్లలప్పటి నుంచి జంటలుగా పెంచారు. ఒకదానికి పెట్టేదాంట్లో పావు వంతు తగ్గించి రెండోదానికి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల జబ్బు కూడా ఆలస్యంగా వచ్చింది. 2010లో వచ్చిన ఇంకో పరీక్షలో, అప్పటికే కీళ్లనొప్పులున్న లావు కుక్కలు బరువులో ఆరు శాతం పైచిలుకు తగ్గేసరికి కుంటడం తగ్గింది. షేరూ లెక్కన అది రెండు కిలోలు కూడా కాదు. దీనికి ఏ డబ్బా అక్కర్లేదు, దిల్ గట్టి చేసుకోవాలంతే.

ఇక డబ్బాల సంగతి. దుకాణాల్లో ఎక్కువ కనిపించేవి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్. 2007లో ఒక పరీక్షలో ఇవి తిన్న కుక్కలకి 70వ రోజుకి కాస్త మేలు కనిపించింది. మరికొన్ని పరీక్షల్లో అదీ కనిపించలేదు. 2022లో ఇలాంటి పరీక్షలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి వచ్చింది. ఈ రెండిటి వల్ల నొప్పి తగ్గుతున్నట్టు దానికి సబూత్ దొరకలేదు. నొప్పి కోసం వీటిని సిఫారసు చేయడం మానేయాలని ఆ రచయితలు సాఫ్‌గా రాశారు. అదే సమీక్షలో ఫరక్ చూపించింది చేపనూనెలో ఉండే ఒమేగా-3. న్యూజిలాండ్ ఆకుపచ్చ ఆల్చిప్పల పొడి, డీనేచర్ చేయని టైప్-2 కొల్లాజెన్ చిన్న పరీక్షల్లో ఆశ పుట్టించాయి, అంతవరకే. పసుపు మన వంటింటి దవా కాబట్టి యకీన్ ఎక్కువ, కానీ అందులోని కర్క్యుమిన్ పేగుల నుంచి ఒంటికి పట్టేది చాలా తక్కువ.

మరి వాడినవాళ్లంతా "బాగా పనిచేసింది" అంటారు కదా! అబద్ధం చెప్పరు, అలా అనిపిస్తుంది. 2012లో అచ్చయిన ఒక పరిశీలనలో కీళ్లనొప్పులున్న కుక్కలకి మందులేని ఉత్త గోలీలు ఇచ్చారు. కాలు నేల మీద ఎంత బరువు మోపుతోందో యంత్రంతో కొలిచారు. యంత్రంలో మార్పు లేకున్నా దాదాపు నలభై శాతం సార్లు యజమానులకి కుక్క బాగుపడినట్టే కనిపించింది. డాక్టర్లు కూడా ఆ ధోకాకి అతీతులు కాలేదు. డబ్బులు పెట్టాం, దువా చేశాం, కళ్లు తసల్లీ వెతుక్కుంటాయి. మనిషికైతే తసల్లీతో నొప్పి కొంత తగ్గుతుందేమో. ఇక్కడ తసల్లీ మనకి, నొప్పి కుక్కకి.

అందుకే మామూ తోట హిసాబ్ పుస్తకంలో షేరూకి ఒక పేజీ తెరిచాం. పొద్దున పిలిచాక లేవడానికి ఎన్ని సెకన్లు, బోరు దాకా వచ్చాడా లేదా, వారానికోసారి కాటా మీద బరువు. జుమా రోజు ఒకే చోట, ఒకే దూరం నడిపించి ఫోన్‌లో వీడియో. ఒకసారికి ఒకే మార్పు. రెండు మూడు కలిపి మొదలుపెడితే దేనివల్ల మేలు జరిగిందో ఎవరూ చెప్పలేరు.

మొదట రక్తపరీక్ష చేసి, కిడ్నీలు, లివర్ బాగున్నాయని చూసి, డాక్టర్ మెలాక్సికామ్ రాశారు. నొప్పికి అసలు దవా అదే, సప్లిమెంట్ దాని పక్కన నిలబడేదే కానీ దాని జాగా తీసుకునేది కాదు. మనం మింగే ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం కుక్కకి హర్గిజ్ వేయకండి. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. మా అమ్మీ తన మోకాళ్ల గోలీల్లో సగం విరిచి "షేరూకి కూడా ఇదే కదా తకలీఫ్" అంటే, ఆ ప్యార్‌కి సలామ్ చేసి గోలీ వెనక్కి ఇచ్చాను. అమ్మీ వజూ పోతుందని షేరూని ముట్టుకోదు. కుర్చీలో కూర్చుని నమాజ్ చదువుతుంది. ఫోన్ చేసినప్పుడల్లా మామూ ఖైరియత్ కన్నా ముందు షేరూ కాళ్ల ఖైరియత్ అడుగుతుంది.

నెల తర్వాత చేపనూనె. ఇక్కడ లేబుల్ చదవడం రావాలి. గోలీ మీద పెద్దక్షరాల్లో 1000 మి.గ్రా. అని ఉంటుంది, అది నూనె బరువు. పనికొచ్చేవి ఇపిఏ, డిహెచ్‌ఏ. మామూలు గోలీలో అవి 180, 120, కలిపి 300. ఆర్థరైటిస్‌కి 28 కిలోల కుక్క విషయంలో చెప్పే పై మోతాదు రోజుకి దాదాపు 3,700 మి.గ్రా. అంటే మామూలు గోలీలు పన్నెండు! అందుకే గాఢత ఎక్కువున్న నూనె సీసా చవక పడుతుంది. డాక్టర్ తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. ఒక్కసారే పోస్తే విరేచనాలు అవుతాయి. నూనెలో కేలరీలు ఉంటాయి కాబట్టి అన్నం అంత తగ్గించాలి. కాడ్ లివర్ ఆయిల్ వేరు, అందులో విటమిన్ ఎ, డి ఉంటాయి, ఇంత మోతాదులో అది జహర్.

మనవాళ్లకి ఇంకో ఫిక్ర్: ఈ గోలీల్లో ఏముంది? కాండ్రాయిటిన్ ఆవు, పంది, షార్క్ మృదులాస్థుల్లో దేని నుంచైనా తీయొచ్చు. గ్లూకోసమైన్ ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి. గోలీ తొడుగు జెలటిన్. కుక్కకి పెట్టొచ్చా, చేత్తో పట్టొచ్చా అన్న మసలా ఆలిమ్‌ని అడగండి. కానీ దేని నుంచి తీశారో, ఒక్కో గోలీలో ఎన్ని మి.గ్రా. ఉందో రాయని డబ్బాని దీన్ కోసమే కాదు, కుక్క కోసం కూడా కొనకండి. మనుషుల కోసం చేసిన తీపి గమ్మీలు అసలే వద్దు. వాటిలో జైలిటాల్ ఉంటే కుక్క ప్రాణమే పోవచ్చు.

చివరికి కువైట్ డబ్బా. వాడి మొహబ్బత్‌తో వచ్చింది కాబట్టి అది కూడా డాక్టర్‌ని అడిగే, డెబ్బై రోజులు పెట్టాం. పుస్తకంలో అంకెలు కదల్లేదు. ఆపి నెల చూశాం. అప్పుడూ కదల్లేదు. అంతకుముందు కదిలిన అంకెలు మాత్రం నిలబడ్డాయి: బరువు 25న్నర, లేవడానికి ఇరవై సెకన్లు పట్టేది ఎనిమిదికి వచ్చింది, వారంలో నాలుగైదు రోజులు బోరు దాకా వస్తున్నాడు. జీపులోకి ఇప్పుడూ దూకడు. మామూ ఇటుకలు పేర్చి మెట్టు కట్టాడు, పడుకునే బండ మీద పాత బొంత పరిచాడు.

రెండో డబ్బా పంపబోతుంటే వాడికి ఈ మాట చెప్పాల్సింది నేనే. "భాయ్‌జాన్, అయితే నేనేం చేయాలి?" అన్నాడు. గొంతులో నొచ్చుకున్న జాడ. దూరాన ఉన్నవాడికి పంపడం ఒక్కటే చేతిలో ఉన్న పని, అది కూడా వద్దంటే ఎలా? వాడికి పుస్తకం పేజీ ఫోటో తీసి పంపాను. ఆ డబ్బులతోనే మూడు నెలలకోసారి కిడ్నీ పరీక్ష, నెలకో నూనె సీసా వస్తాయని లెక్క రాసి పెట్టాను. కాసేపటికి జవాబు వచ్చింది: "ఠీక్ హై. హిసాబ్ పేజీ ప్రతి జుమా పంపండి."

పంపుతున్నాం.