యూరిన్ పైపు తీసేదాకా, తీశాక

బుధవారం పొద్దున ఆపరేషన్ అని ముందే తేదీ పెట్టారు. రెండో కాన్పు. మొదటిది నొప్పులు పడీ పడీ చివరికి సిజేరియన్ అయింది కాబట్టి ఈసారి అన్నీ ముందే అనుకున్నవే. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. కోతకు భయపడ్డాను, వెన్నులో వేసే సూదికి భయపడ్డాను. యూరిన్ పైపు నా ఆలోచనలోనే లేదు.

థియేటర్‌కి తీసుకెళ్లకముందే, వార్డులోనే పైపు వేశారు. అప్పటికి మత్తు ఇవ్వలేదు. కర్టెన్ సగమే లాగి ఉంది. "కాళ్లు వదులుగా పెట్టమ్మా, గట్టిగా ఊపిరి తీసుకో" అంది సిస్టర్. భగ్గున మండింది. ఆ తర్వాత ఒంటికి పోవాలన్నట్టే ఉండిపోయింది.

ఆ పైపు ఎందుకో డాక్టరమ్మ తర్వాత వివరంగా చెప్పారు. మూత్రాశయం గర్భసంచికి సరిగ్గా ముందు ఉంటుంది. అది నిండి ఉంటే కోసేటప్పుడు అడ్డం వస్తుంది, దెబ్బ తగలొచ్చు. ముందు కాన్పు కూడా సిజేరియనే అయితే పాత కోత దగ్గర అతుక్కుని ఉండే అవకాశం ఉంది. పైగా వెన్నులో మత్తు ఇచ్చాక కొన్ని గంటలపాటు నడుము కింద ఏదీ తెలియదు. మూత్రాశయం నిండినా తెలియదు. కాబట్టి పైపు వేయడం మీద నాకు ఫిర్యాదు లేదు. నా బాధంతా అది ఎంతసేపు ఉంది, ఎలా ఉంది అన్నదాని గురించే.

పాప పుట్టింది. ఏడుపు విన్నాను. మధ్యాహ్నం స్ట్రెచర్ మీద గదికి మార్చారు. మార్చేటప్పుడు వార్డుబాయ్ యూరిన్ బ్యాగు తీసి నా పొట్ట మీద పెట్టాడు. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలని, పైకెత్తితే అందులోది వెనక్కి పోతుందని అప్పుడు నాకు తెలియదు. గదిలో మంచానికి తగిలించే కొక్కెం లేదు. బ్యాగు నేల మీదే ఉంది. గది తుడిచే కర్ర దాన్ని రాసుకుంటూ పోయేది.

సాయంత్రం నుంచి చూడటానికి వచ్చేవాళ్లు మొదలయ్యారు. మావయ్యగారు వచ్చారు, మా ఆయన ఆఫీసువాళ్లు వచ్చారు. పసుపు రంగు బ్యాగు అందరికీ కనపడుతూనే ఉంది. నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను. అమ్మ తువ్వాలు తెచ్చి దాని మీద కప్పింది. మాటేమీ అనలేదు. అమ్మకు అది అర్థమైనందుకే నాకు ఏడుపొచ్చింది.

గురువారం పొద్దున రౌండ్స్‌లో పైపు తీసేయమని డాక్టరమ్మ చెప్పారు. ఫైల్లో రాశారు కూడా. అంతలో డ్యూటీ మారింది. మధ్యాహ్నం అమ్మ అడిగితే వస్తున్నామన్నారు. రాత్రి అడిగితే "పొద్దున తీస్తాంలే, ఇప్పుడు లేచి తిరగాల్సిన పని తప్పింది కదా" అన్నారు. ఆ మాట నాకూ హాయిగానే అనిపించింది. కుట్లు లాగుతుంటే బాత్రూమ్‌కి లేవక్కర్లేదు కదా అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం తీశారు. తీశాక ఒంటికి రాలేదు. కడుపు ఉబ్బుతోంది. సాయంత్రంలోగా రాకపోతే మళ్లీ పైపు వేయాలన్నారు. బాత్రూమ్‌లో కూర్చుని గుండె దడదడలాడుతుంటే ఏడ్చాను. అప్పుడు నా పక్కన ఉన్నది ఆయమ్మ. ఆమె డ్యూటీ అప్పటికే అయిపోయింది. కుళాయి తిప్పి, నా భుజం పట్టుకుని నిలబడింది. "సిగ్గెందుకు బిడ్డా, తొందరేం లేదు, నేనున్నా" అంది. చాలాసేపటికి వచ్చింది. ఆ రోజు ఆమె ఊరి బస్సు తప్పిపోయిందని తర్వాత తెలిసింది.

శనివారం మంట మొదలైంది. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ. పైపు తీశాక మామూలే అన్నారు. చాలామందికి అది నిజంగానే ఒక్కరోజులో తగ్గుతుందట. నాకు తగ్గలేదు. ఆదివారం డిశ్చార్జ్ చేశారు.

ఇంట్లో పథ్యం. వెల్లుల్లి కారం, పాత పచ్చడి, అన్నం. నీళ్లు మాత్రం లెక్కగా. బాలింత ఎక్కువ నీళ్లు తాగితే పొట్ట వస్తుందని, కుట్లు చీము పడతాయని మా అత్తమ్మ నమ్మకం. ఆమెకు వాళ్లత్త చెప్పింది. ప్రేమతోనే చెప్పింది, అందులో నాకు అనుమానం లేదు. కానీ మంటతో ఉన్న మనిషికి దాహం తీరనివ్వకపోవడం మందు కాదు.

సోమవారం రాత్రి చలి పట్టుకుంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకుంటున్నాయి. పాలజ్వరం అన్నారు. దిష్టి తీశారు. పాపను ఎత్తుకుంటే చేతులు వణికి జారిపోతుందేమో అనిపించి, వదినకు ఇచ్చేశాను. నా పిల్లలు నేను లేకుండా పెరుగుతారేమో అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అనేశాను. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మా ఆయన వెంటనే ఆటో పిలిచాడు.

అదే ఆసుపత్రి. రాత్రి డ్యూటీలో వేరే సిస్టర్ ఉంది. కుట్లు చూసింది, రొమ్ములు చూసింది, వీపు కుడివైపు పక్కటెముకల కింద నొక్కింది. అరిచాను. "మూత్రంలో మంట ఉందా? పైపు ఎప్పుడు తీశారు?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆమే. ఇంజెక్షన్ వేయకముందే యూరిన్ శాంపిల్ తీసుకుంది. మందు పడ్డాక తీస్తే కల్చర్‌లో క్రిమి సరిగ్గా దొరకదని చెప్పింది. డ్యూటీ డాక్టరుతో మాట్లాడి ఆ రాత్రే సెలైన్‌లో యాంటీబయాటిక్ మొదలుపెట్టించింది. ఆమెకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

గురువారం కల్చర్ రిపోర్టు వచ్చింది. ఈ.కోలి. మన పేగుల్లోనే ఉండే బాక్టీరియా. పైకి పాకి, మూత్రాశయం దాటి కిడ్నీ దాకా పోయింది. పాలు ఇవ్వొచ్చా అని భయంభయంగా అడిగాను. ఈ మందుతో ఇవ్వొచ్చన్నారు. వదిన రెండేసి గంటలకు పాపను నా దగ్గరికి తెచ్చి, పట్టుకుని కూర్చునేది. డాక్టరమ్మ మా అత్తమ్మను లోపలికి పిలిపించి, నీళ్లు దండిగా ఇవ్వండి అని నేరుగా చెప్పారు. ఆ రోజు నుంచి పాలిచ్చిన ప్రతిసారీ నీళ్ల చెంబు తెచ్చింది అత్తమ్మే.

కోలుకున్నాక దీని గురించి చదివాను. మూత్రంలోకి బాక్టీరియా చేరే ప్రమాదం పైపు ఉన్న ప్రతి రోజుకూ సుమారు 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుందట. బ్రిటన్‌లో నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, మత్తు చివరి డోసు ఇచ్చిన 12 గంటలు దాటాక, మనిషి లేచి నడవగలిగితే పైపు తీసేయాలి. కొన్నిచోట్ల అసలు పైపు లేకుండానే సిజేరియన్లు చేసి పోల్చి చూశారు. ఆ తల్లులు త్వరగా లేచి నడిచారు. ఇన్ఫెక్షన్ తగ్గుతుందని మాత్రం గట్టిగా తేలలేదు. నాకు కూడా అది పైపు వల్లే వచ్చిందని ఎవరూ రాసివ్వలేదు. కానీ తీయమని రాశాక కూడా రోజుకు పైగా నా ఒంట్లో ఎందుకుందో ఎవరూ చెప్పలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అంటే ఇది చదువుతున్నవాళ్లలో చాలామందికి, లేదా వాళ్ల కూతురికో కోడలికో, ఈ పైపు పడుతుంది. వేసేటప్పుడే ఎప్పుడు తీస్తారో అడగండి. చెప్పిన వేళ దాటితే పక్కన ఉన్నవాళ్లు వెళ్లి మళ్లీ అడగాలి, ఎందుకంటే పడుకున్న మనిషి అడగలేదు. బ్యాగును పైకెత్తనివ్వకండి, నేల మీద పెట్టనివ్వకండి. మంట ఉంటే మగవాళ్ల ముందైనా సరే చెప్పండి. బాలింతకు చలిజ్వరం వస్తే పాలజ్వరమని ఇంట్లో ఆగకండి, ఆ రాత్రే వెళ్లండి. వెళ్లగానే పైపు ఎప్పుడు వేశారో, ఎప్పుడు తీశారో చెప్పండి.