కథకి నేల కావాలి

కిందటి ఏడాది కథల పోటీకి నేనూ ఓ కథ రాసేను. కథానాయకుడి పేరు రవి. మహానగరంలో పెద్ద కంపెనీలో ఉద్యోగం. యజమాని అవమానిస్తే రాజీనామా కాగితం అతని ముఖాన కొట్టి, జోరున కురుస్తున్న వానలోకి నడిచి వెళ్ళిపోతాడు. 'ఆత్మాభిమానం' అని పేరు పెట్టేను. బహుమతి నాదేనన్న ధీమాతో, సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్నకి చదివి వినిపించేను.

నర్సీపట్నం దగ్గర పల్లె మాది. నాన్న చెరకు రైతు. కథంతా విని, చుట్ట ఆర్పి, ఒక్కటే అడిగేడు.

"ఉజ్జోగం ఒగ్గేసి ఎల్లిపోనాడు, బాగుంది. మరి ఆడికి అప్పుల్లేవేట్రా?"

నా దగ్గర జవాబు లేదు. రవికి అప్పుల్లేవు. అమ్మా నాన్నా లేరు. ఇంటద్దె కూడా లేదు. అతను ఏ వీధిలో ఉంటాడో రాసిన నాకే తెలీదు. ఆ నగరం నేను సినిమాల్లో తప్ప చూడలేదు. బహుమతి రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత మా తెలుగు మేష్టారు కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' చదవమని ఇచ్చేరు. కారా మాస్టారు విశాఖపట్నంలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పినవారు. ఆ కథ కూడా లెక్కలాగే నడుస్తుంది. శ్రీకాకుళం వేపు ఓ పల్లె. రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, ఊరు బాగుపడిందంటారు. కాని అప్పల్రాముడి పాత అప్పు పంచాయితీకి వచ్చినప్పుడు, ఆ ఊళ్ళో భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో ఒక్కొక్కటే బయటపడుతుంది. చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డని తానే చంపుకుంటాడు. అది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ముగింపుని ఆ ఊర్లోంచి పెకలించి రవి నగరంలో పెడితే అది ఒట్టి పిచ్చివాడి పని. ఆ ఊళ్ళో మాత్రం, అప్పు తండ్రినుంచి కొడుక్కీ కొడుకునుంచి మనవడికీ దిగుతుందని తెలిసేక, మరో దారి కనబడదు. సైన్సు భాషలో చెప్పాలంటే, కథలో ఊరు దత్తాంశం. అది ఇవ్వకుండా లెక్క చెయ్యలేం.

అప్పుడు నాకు మొన్న జనవరి గుర్తొచ్చింది. బెల్లం దిమ్మలు వేసుకుని నాన్నా నేనూ అనకాపల్లి మార్కెట్టుకి వెళ్ళేం. అక్కడ ఓ కొట్టు యజమాని తూకంలో తరుగు కోసేడు. నాన్నకంటె పదేళ్ళు చిన్నవాడు, "నువ్వు" అన్నాడు. నాన్న భుజమ్మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని "అలాగే బాబూ" అన్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది. మా నాన్న ఇంత పిరికివాడా అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు.

కాని ఇదే మనిషిని పొలంగట్టుమీద చూడాలి! నీటి వంతు కోసం అర్ధరాత్రి పార పట్టుకుని, మడవ దగ్గర నలుగురికి ఎదురు నిలబడతాడు. గట్టుమీద పులి, కొట్టుముందు పిల్లి. మనిషి మారలేదు, చోటు మారింది. కొట్టులో ఆయన వెనక వచ్చే పంట పెట్టుబడి ఉంది, అక్క పెళ్ళి ఉంది, నా కాలేజీ ఫీజు ఉంది. ఆ "అలాగే బాబూ" పిరికితనం కాదు. నా చదువు ఖరీదు.

రావిశాస్త్రి గారి 'అల్పజీవి'లో గుమాస్తా సుబ్బయ్య అందరికీ భయపడతాడు. ఆ భయం పుట్టుకతో వచ్చిందనుకున్నాను మొదట. మళ్ళీ చదివితే విశాఖపట్నం కనబడింది: పై అధికారి, కాంట్రాక్టరు, అప్పు. మా నర్సీపట్నంనుంచి ఘాటీ ఎక్కితే లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తు. సముద్రపొడ్డున 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు అక్కడ సుమారు 97 దగ్గరే మరిగిపోతుంది. నీరు అదే, గాలి ఒత్తిడి వేరు. మనుషులకీ అంతే కాబోలు. ఎవడు ఎక్కడ మరుగుతాడో, ఎక్కడ చల్లారి ఊరుకుంటాడో చెప్పడానికి ముందు వాడు నిలబడ్డ చోటు చెప్పాలి.

కథలు రాసే మిత్రులకి నేను చెప్పదగ్గవాణ్ణి కాను. కాని ఒక్క మనవి. మీ కథానాయకుడు గొప్ప పని ఏదైనా చేసేముందు, వాడి ఇల్లు ఎక్కడో, వాడు ఎవరికి బాకీయో ఒకసారి అడగండి.

నా కథ తిరిగి రాస్తున్నాను. ఈసారి రవి లేడు, వానా లేదు. ఓ రైతు బెల్లం అమ్మి, లెక్కచీటీ మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కుతాడు. పక్క సీట్లో కొడుకు కూర్చుంటాడు. అంతవరకే రాసేను. మిగతాది రాసేముందు సంక్రాంతికి ఇంటికెళ్ళి నాన్నకి వినిపించాలి. ఆయన ఏం అడుగుతాడో చూడాలి.